కొండవార చేనికి చక్రం గొర్రు వద్దు

"కొండ కింద మూడెకరాల వాలు చేను, ఒక జత ఎద్దులు ఉన్నాయి. విత్తనం వేసేదానికి చక్రంతో నడిచే ఇనుప గొర్రు కొనాలా, చేత్తో గింజలు పోసే చెక్క గిన్నె, గొట్టాలు ఉండే పాత జడ్డిగం గొర్రే చాలా?" అని అడిగారు.

కొనొద్దు. నేను కొని చూశా.

మాది కడప జిల్లా చక్రాయపేట వైపు, పాలకొండల వార. చేను పైభాగమంతా రాళ్లు. ఆ ఏడు ఏరువాక పున్నమి దాటాక మంచి పదును వాన పడింది. అంగడాయన "సాలుకూ సాలుకూ 30 సెంటీమీటర్లు, గింజకూ గింజకూ 10. పోసే మనిషే అక్కర్లేదు" అన్నాడు. నమ్మినా. మా ఇంట్లో ఎన్నో ఏళ్లుగా జడ్డిగంలో విత్తనం పోసే చెయ్యి మా చిన్నమ్మది. ఆమెను ఆ పొద్దు ఇంటికాడే ఉండమన్నా.

ఎనిమిదో రోజు పోయి చూస్తే చెనక్కాయ (వేరుశనగ) సాలు నాలుగు బారలు పచ్చగా, ఆరు బారలు బోడిగా! రాయెక్కినప్పుడల్లా చక్రం పైకి లేచింది, వాలులో తిరక్కుండా జారింది. చక్రం తిరక్కపోతే లోపల గింజలు వదిలే పళ్లెం తిరగదు, గింజ పడదు. నేనేమో పిడి పట్టుకుని ఎద్దుల తోకలు చూసుకుంటా పోయినా. పడిన గింజల్లోనూ కొన్ని బద్దలైపోయినాయి. చెనక్కాయ పప్పుకు పైపొట్టు లేచినా మొలక అనుమానమే.

అదే చిన్నమ్మ ఉంటేనా! గింజలు వదుల్తానే చెవి గొట్టాల మీద పెడుతుంది. "అబ్బీ, నడిమి గొట్టం పలకలేదు, నిలుపు" అంటుంది. గొర్రు ఎత్తి చూస్తే నిజంగానే తడి మన్ను బిగుసుకుని ఉంటుంది. పుల్లతో పొడిచి, గింజ పడని జాగాలో చేత్తో నాలుగు వేసి, కాలితో మన్ను తోసి, మళ్లీ "పోనీ" అంటుంది. గొర్రు వెనక తాడుతో కంది గొట్టం కూడా కట్టేవాళ్లం, ఏడు సాళ్లకొక కంది సాలు. ఇనుప గొర్రులో దానికి చోటే లేదు.

ట్రాక్టర్ సంగతి అడగొద్దు. బాడుగకు పిలిస్తే పదును ఆరినాక వస్తారు. ఎర్రనేల పదును ఎన్నాళ్లుంటుంది, రెండు మూడు రోజులు! పైగా తిప్పుకోవడం సులువని వాలు వెంబడే పైకీ కిందికీ దున్నుతారు. తర్వాతి పెద్దవానకు మా పై గట్టు మన్ను కింద చేను వాళ్ల బావి దగ్గరకు చేరింది. వాలుకు అడ్డంగా నడవమంటే "బండి పడిపోతాదన్నా" అంటారు. ఎద్దులు ఎప్పుడైనా అట్లా అన్నాయా?

ఒక్క చిక్కుంది. జడ్డిగం చెక్కే వడ్రంగి ఇప్పుడు దొరకడు. మా ఊరాయన తలుపులు చేసుకునేదానికి బెంగళూరు పోయినాడు. ఎక్కడన్నా పాత జడ్డిగం కనిపిస్తే ముందు అది పట్టుకోండి. గొర్రు తుమ్మ మొద్దుతో ఎవరితోనైనా చేయించుకోవచ్చు.

ఆ బోడి సాళ్లలో వానలు చివర్లో ఉలవలు చల్లినాం. ఇనుప గొర్రు గడ్డివాము పక్కన ఉంది, కోళ్లు ఎక్కి కూర్చుంటాయి.