మెడికల్ బోర్డు కాగితంలో ఏం రాసుందో ముందు చదవండి

ప్రశ్న: 1997లో ఆర్మీలో చేరాను. 24 ఏళ్ల సర్వీసు చేసి 2021 ఆగస్టులో హవల్దార్‌గా రిటైరయ్యాను. రిటైరయ్యే ముందు చేసే మెడికల్ పరీక్షలో, అంటే రిలీజ్ మెడికల్ బోర్డులో, బీపీకి 30 శాతం వైకల్యం, జీవితాంతం అని రాశారు. కానీ అది సర్వీసు వల్ల వచ్చింది కాదని డిజెబిలిటీ పెన్షన్ ఇవ్వలేదు. అప్పీలు పెడితే 2022లో తిరస్కరించారు. ఇప్పుడు ఒకాయన ‘మళ్లీ మెడికల్ చేయించి పెన్షన్ తెప్పిస్తాను, ముందు 40 వేలు కట్టండి, ఎరియర్స్ వచ్చాక అందులో 30 శాతం ఇవ్వండి’ అంటున్నాడు. నేను సెక్యూరిటీ గార్డుగా పనిచేస్తున్నాను. బంగారం మీద 1.8 లక్షల అప్పుంది. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. అప్పు చేసి ఆ 40 వేలు కట్టమంటారా? మళ్లీ మెడికల్‌కి వెళితే ఇప్పుడొస్తున్న పెన్షన్‌కి ఇబ్బందా?
– పేరు వద్దన్న పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: హవల్దార్ గారూ, నమస్కారం. ఆ 40 వేలు కట్టొద్దు. అప్పు చేసి అసలే కట్టొద్దు. ఇప్పుడొస్తున్న సర్వీస్ పెన్షన్ మీరు చేసిన సర్వీసుకి వస్తోంది. డిజెబిలిటీ కేసు గెలిచినా ఓడినా, మళ్లీ మెడికల్ జరిగినా దానికేమీ కాదు. ఆ భయం వదిలేయండి.

ఆ ‘ఒకాయన’ వకీలో కాదో మీరు రాయలేదు. వకీలే అయితే, గెలిచిన డబ్బులో వాటా ఫీజుగా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలకి విరుద్ధం. వకీలు కాకపోతే ఆ డబ్బు దేనికో ఆయన్నే అడగండి. మెడికల్ బోర్డు బయటివాళ్లు ‘చేయించే’ పని కాదు. అప్పీలు మీద అధికారులో, కేసులో ట్రిబ్యునలో ఆదేశిస్తేనే మిలిటరీ ఆస్పత్రిలో బోర్డు కూర్చుంటుంది.

ఇక అసలు విషయానికొద్దాం. డిజెబిలిటీ ఎలిమెంట్, అంటే వైకల్యానికని సర్వీస్ పెన్షన్ మీద అదనంగా ఇచ్చేది, రావాలంటే రెండు గడపలు దాటాలి. వైకల్యం 20 శాతమో అంతకన్నా ఎక్కువో ఉండాలి. అది సర్వీసు వల్ల వచ్చిందనైనా, సర్వీసు వల్ల ముదిరిందనైనా తేలాలి. మొదటి గడప మీరు 2021లోనే దాటేశారు. ఆగింది రెండో దాని దగ్గర. మీ ఉత్తరం మొత్తం శాతం గురించి, మళ్లీ మెడికల్ గురించే ఉంది. ఇప్పుడు బీపీ ఎంతుందని కొత్తగా ఎన్ని పరీక్షలు చేయించినా ఆ రెండో ప్రశ్నకి జవాబు దొరకదు. అది మొదట ఎప్పుడు, ఎక్కడ, ఏ డ్యూటీలో ఉండగా బయటపడిందన్నదే ప్రశ్న. దానికి జవాబు మీ పాత కాగితాల్లోనే ఉంది.

మా నాన్నదీ ఆర్మీనే. ఆయన పోయాక నల్ల ట్రంకు పెట్టె తెరిచాం. మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు. అడుగున, డిశ్చార్జ్ బుక్ కింద, మడతలు చిరిగిన మెడికల్ బోర్డు నకలు దొరికింది. అందులో ఏ పోస్టింగు పీస్ (మామూలు స్టేషన్), ఏది ఫీల్డ్ (సరిహద్దు లాంటి కష్టమైన చోటు) అని రాసే పట్టీ ఉంది. నాన్న చేసిన ఫీల్డ్ పోస్టింగులు ఐదు. పట్టీలో ఉన్నవి రెండే. ఎవరో క్లర్కు నింపాడు, కింద సంతకం మాత్రం నాన్నది. ఇంటికెళ్లే రైలు టికెట్టు జేబులో ఉన్న మనిషి ఆ పట్టీ చదవడు. ఆ రోజు చదివి ఉంటే మా అమ్మ కొన్నేళ్లు ఇంత చేతి ఇబ్బంది పడేది కాదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే మిమ్మల్ని మొదట చేయమనేది పది రూపాయల పని. మీ రికార్డ్స్ ఆఫీసుకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. చేరినప్పటి మెడికల్ రిపోర్టు, బీపీకి మిమ్మల్ని మొదటిసారి ‘లో మెడికల్ కేటగిరీ’లో, అంటే పూర్తి ఫిట్ కాదన్న జాబితాలో పెట్టినప్పటి బోర్డు కాగితాలు, రిలీజ్ మెడికల్ బోర్డు అంటే ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 పూర్తి ప్రతి, అప్పీలు తిరస్కరించిన ఉత్తర్వు, వీటి నకళ్లు అడగండి. దరఖాస్తు రాయడం కష్టమనిపిస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, సాయం చేస్తారు.

కాగితాలు చేతికొచ్చాక తారీఖులు చూడండి. బీపీ విషయంలో బోర్డులు సాధారణంగా చూసేది ఒకటే. జబ్బు పీస్ స్టేషన్‌లో బయటపడితే సర్వీసుకి సంబంధం లేదని రాస్తారు. ఫీల్డ్‌లోనో, ఎత్తైన కొండల మీదో, ఉగ్రవాదుల్ని ఏరే డ్యూటీలోనో బయటపడితే సంబంధం ఉందంటారు. కానీ బీపీ గంట కొట్టి రాదు. కశ్మీర్‌లో రెండేళ్లు రాత్రి డ్యూటీలు చేసి, పీస్ స్టేషన్‌కి దిగిన మూడో నెల వార్షిక మెడికల్‌లో దొరికిందనుకోండి, కాగితం మీద అది ‘పీస్’ జబ్బే. మీ సంగతి కూడా ఇలాంటిదేనా? అయితే ఆ రెండు తారీఖుల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. మీ కేసు బలమంతా ఆ రోజుల్లోనే ఉంది.

చేరినప్పటి రిపోర్టు ఎందుకంటే, 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. చేరేటప్పుడు ఏ జబ్బూ నమోదు కాకపోతే సైనికుడు ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి, తర్వాత వచ్చిన జబ్బుకి సర్వీసుతో సంబంధం లేదని నిరూపించే భారం ప్రభుత్వానిదే అని. సిగ్నల్స్ కోర్‌లో తొమ్మిదేళ్లు చేసి, మూర్ఛ జబ్బుతో 20 శాతం వైకల్యం రాసి పంపేసిన సిపాయి కేసది. బోర్డు కారణం చెప్పకుండా ‘సంబంధం లేదు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఈ తీర్పు మీకు పనికొస్తుంది. అయినా గెలుపు ఖాయమని చెప్పలేను. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో అదే సుప్రీంకోర్టు మెడికల్ బోర్డు మాటకే విలువిచ్చింది. ‘వంద శాతం వస్తుంది’ అనేవాళ్లని నమ్మకండి.

వస్తే ఎంత? చివరి జీతం, మిలిటరీ సర్వీస్ పే (సైనికులకి జీతంతో పాటు అదనంగా ఇచ్చేది) కలిపి 46,000 అనుకుందాం. నూరు శాతం వైకల్యానికి అందులో 30 శాతం ఇస్తారు. మీకున్నది 30 శాతం కాబట్టి నెలకి 4,140. ఇక్కడ రౌండింగ్ అని ఇంకొకటుంది. 50 లోపు ఉంటే 50గా, 50 నుంచి 75 వరకు 75గా, 76 పైన 100గా లెక్కేస్తారు. మొదట్లో ఇది జబ్బు కారణంగా మధ్యలో పంపేసినవాళ్లకే ఇచ్చారు. సర్వీసు పూర్తిచేసి రిటైరైనవాళ్లకీ వర్తిస్తుందని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అలా మీ 30 శాతం 50 అయితే నెలకి 6,900. దాని మీద డియర్‌నెస్ రిలీఫ్, అంటే పెన్షనర్లకిచ్చే కరువు భత్యం అదనం. కేసు వేసేటప్పుడు రౌండింగ్ కూడా అడిగారో లేదో చూసుకోండి. అది మరిచి వేసిన దరఖాస్తులు నా దగ్గరికే రెండొచ్చాయి.

ఆలస్యం ఎందుకు చేయకూడదో కూడా చెప్పాలి. మొదటి అప్పీలు తిరస్కరించాక రెండో అప్పీలుకి ఆరు నెలలు గడువు. మీకది ఎప్పుడో దాటిపోయింది. అయినా పెన్షన్ ప్రతి నెలా రావాల్సిన హక్కు కాబట్టి, ఆలస్యాన్ని మన్నించమనే అర్జీతో కలిపి సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ కిందికొస్తాయి. కాకపోతే 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆధారంగా చాలా కేసుల్లో పాత బకాయిలు, కేసు వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్లకే ఇస్తున్నారు. కాబట్టి మీరు లెక్క మూడేళ్లకే వేసుకోండి. డియర్‌నెస్ రిలీఫ్ కాకుండా 2,48,400. మీరు రిటైరై మూడేళ్లు దాటింది గనక, ఇక నుంచి ఆగే ప్రతి నెలా 6,900 చేతులారా వదులుకున్నట్టే. రెండో అప్పీలు పెట్టాలా, నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్లాలా అన్నది ఈ కేసులు వాదించే వకీలుని కాగితాలతో కలిసి తేల్చుకోండి. ఫీజు ఇంత అని ముందే రాయించుకోండి, విడతలుగా ఇవ్వండి.

ట్రిబ్యునల్ మళ్లీ బోర్డుకి పంపితే ఒక మాట గుర్తుపెట్టుకోండి. రీడింగ్ ఎక్కువ రావాలని ముందు వారం మాత్రలు ఆపేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పక్షవాతం వస్తే ఏ పెన్షనూ ఆదుకోదు. వాడుతున్న మందుల చీటీలు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పుస్తకం పట్టుకెళ్లండి, అవే చెబుతాయి. ఇంకోటి, ఇరవై నాలుగేళ్లు ‘ఎలా ఉన్నావ్’ అంటే ‘ఠీక్ హూఁ సాబ్’ అనడం అలవాటైన నోరు మీది. బోర్డు ముందు అది పనికిరాదు. మెట్లెక్కితే ఆయాసం వస్తే వస్తుందని చెప్పండి. తల తిరిగి డ్యూటీలో కూర్చుండిపోయిన రోజుంటే చెప్పండి. లేనిది కల్పించొద్దు, ఉన్నది మింగొద్దు. సంతకం పెట్టేముందు ప్రతి పేజీ చదవండి. తప్పుంటే దిద్దమని అడగండి, తొందరపెట్టినా సరే.

డబ్బు సంగతి. ఈ సొమ్ము వస్తుందనుకుని ఒక్క రూపాయి కూడా అప్పు చేయొద్దు. వచ్చిన రోజున ముందు బంగారం విడిపించండి, మిగిలింది ఆరు నెలల ఇంటి ఖర్చుగా బ్యాంకులో ఉంచండి. నెలనెలా వచ్చే 6,900 చూసుకుని ఇరవై ఏళ్ల ఈఎంఐ పెట్టుకోకండి. డిజెబిలిటీ ఎలిమెంట్ మీతోనే ఆగిపోతుంది, మీ తర్వాత మీ ఇంటావిడకి వచ్చేది ఫ్యామిలీ పెన్షన్. అందుకే టర్మ్ ఇన్సూరెన్స్ ఒకటి తీసుకోండి. ఫారంలో బీపీ ఉందని రాయండి, ప్రీమియం పెరిగినా పర్లేదు. దాచిపెడితే రేపు ఆవిడ క్లెయిమ్‌కి వెళ్లినప్పుడు మీ మెడికల్ బోర్డు కాగితమే అడ్డం తిరుగుతుంది. పన్ను గురించి మీకు బెంగక్కర్లేదు. పెన్షన్, గార్డు జీతం, ఎరియర్స్ అన్నీ కలిపినా కొత్త విధానంలో 12 లక్షలు దాటకపోతే కట్టాల్సిందేమీ ఉండదు.

ఇది చదువుతున్న సర్వీసులోని తమ్ముళ్లకి ఒక్క మాట. 2023 సెప్టెంబరు 21 నుంచి నిబంధనలు మారాయి. ఆ తర్వాత రిటైరయ్యేవాళ్లు పైన చెప్పిన లెక్కలు తమకి అన్వయించుకోకండి, కొత్త నిబంధనలు చూపించుకోండి. కాగితాలు జాగ్రత్త చేసుకోవడం మాత్రం మారలేదు.

హవల్దార్ గారూ, మీరడగనిది ఒకటి చెప్పి ముగిస్తాను. మీ అమ్మాయికి ఇంటర్‌లో 60 శాతమో అంతకన్నా ఎక్కువో వచ్చి, ఇంజినీరింగ్ లాంటి ప్రొఫెషనల్ కోర్సులో చేరితే కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు చేయొచ్చు. ఆడపిల్లలకి నెలకి 3,000, అంటే ఏడాదికి 36,000. మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టాలి, తర్వాత కుదరదు. డిశ్చార్జ్ బుక్‌లోనూ పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు)లోనూ అమ్మాయి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. తేడా ఉంటే దిద్దించడానికి నెలలు పడుతుంది, అడ్మిషన్లకి అంత టైముండదు.