విదేశాల్లో దివ్యాంగుల దగ్గర వాలంటీరుగా చేయాలంటే ఏజెంటుకు డబ్బు కట్టాలా?

కట్టొద్దు తమ్ముడూ. నల్గొండ ఏజెంటు 2 లక్షలు అడిగాడన్నావు కదా, అసలు ఈ పనికి చాలాచోట్ల అక్కడివాళ్ళే తిండి, గది, కొంత చేతిఖర్చు ఇస్తారు. జర్మనీలో 27 ఏళ్ళలోపు వాళ్ళకి ఎఫ్‌ఎస్‌జే అని స్వచ్ఛంద సేవా పథకం ఉంది, 2011లో మొదలైన బీఎఫ్‌డీ అనే అక్కడి ప్రభుత్వ వాలంటీరు పథకానికైతే పై వయసు హద్దే లేదు, ఇన్సూరెన్స్ కూడా వాళ్ళే కడతారు, కాకపోతే జర్మన్ కొంతైనా రావాలి, చాలామంది ఆగిపోయేది అక్కడే. ఇంగ్లీషే వచ్చంటే బ్రిటన్‌లో క్యాంప్‌హిల్ అనే సంస్థను చూడు. 1940లో స్కాట్లాండ్‌లో అబర్‌డీన్ దగ్గర మొదలైంది, దివ్యాంగులు, వాలంటీర్లు కలిసే ఉంటారు. దానికి ఛారిటీ వర్కర్ వీసా, గరిష్ఠంగా 12 నెలలు, జీతం ఉండదు. అప్లికేషన్ నేరుగా నువ్వే పెట్టుకో.

పని మాత్రం ఫొటోల్లో కనిపించేంత సులువు కాదు. స్నానం చేయించాలి, డైపర్ మార్చాలి, అన్నం తినిపించాలి. మా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళకి నడుము వంగిపోయిన మా పెద్దనాయనను మంచం మీంచి లేపబోయి చంకల కింద చేతులేసి లాగితే కేక పెట్టాడు, "ముందు చెప్పు, తర్వాత పట్టుకో" అన్నాడు. నువ్వు కూడా ముందు మన దగ్గరే ఏదైనా స్పెషల్ స్కూల్లో రెండు మూడు నెలలు చేసి సర్టిఫికెట్ తీసుకో, ఇంటర్వ్యూలో మొదట అడిగేది ఆ అనుభవం గురించే.