అడుగులకు అరిసెలు ఎప్పుడు?
(పిల్లల డాక్టరుకు పాఠకుల ప్రశ్నలు)

ప్ర: డాక్టరుగారూ, మా పాపకి పదకొండో నెల. బోర్లా పడింది, ఏడో నెలకే కూర్చుంది, పాకడం మాత్రం లేదు. కూర్చునే దేకుతూ ఇల్లంతా తిరుగుతుంది. పక్కింటి బాబుకి పదో నెలకే అడుగులొచ్చాయని అరిసెలు కూడా పంచారు. పాకని పిల్లలకి నడక రాదని మా అత్తగారు వాకర్ కొనిపించారు. అందులో కూర్చోబెట్టవచ్చా?
– ఒక తల్లి, తణుకు

జ: ఇల్లంతా తిరుగుతోందంటే పాపకి ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లే ఉపాయం దొరికిందన్నమాట. ఇక పాకడం దేనికి? బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు అని పెద్దవాళ్లు వరుస పెట్టారు గానీ దేకితే ఏం పంచాలో చెప్పలేదు. అదే మీ ఇంట్లో వచ్చిన చిక్కు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల్లో ఎనిమిది వందల మందికి పైగా పిల్లల్ని నెలనెలా గమనించి, 2006లో లెక్కలు ప్రకటించింది. వాళ్లలో నూటికి నలుగురు చేతులూ మోకాళ్లూ ఆనించి పాకనే లేదు. అయినా నడిచారు. ఆసరా లేకుండా నడిచిన వయసు చూస్తే ఎనిమిది నెలలు దాటగానే నడిచిన వాళ్లున్నారు, పదిహేడున్నర నెలలకు నడిచిన వాళ్లూ ఉన్నారు. అందరూ ఆరోగ్యంగా ఉన్న పిల్లలే. పైగా దేకే పిల్లలకు నడక కాస్త ఆలస్యంగానే వస్తుంది. మీ ఇంట్లోనో, మీ అత్తగారింట్లోనో చిన్నప్పుడు ఇలాగే దేకినవాళ్లు ఉన్నారేమో అడిగి చూడండి, తరచూ ఒకరు బయటపడతారు.

మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి. దేకేటప్పుడు రెండు చేతులూ వాడుతోందా, ఎప్పుడూ ఒక్క చేత్తోనే లాక్కుంటోందా? చంకల కింద పట్టుకుని నిలబెడితే పాదాలు నేలకు ఆనిస్తుందా, కాళ్లు కర్రల్లా బిగిసి కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి వస్తున్నాయా? చాప మీద నాలుగు మరమరాలు వేస్తే బొటనవేలూ చూపుడువేలూ కలిపి తీస్తోందా? ఏడాది నిండకుండానే కుడిచేతివాటమో ఎడమచేతివాటమో స్పష్టంగా కనిపిస్తే మురిసిపోకండి, చూపించండి. రెండో చెయ్యి ఎందుకు వాడటం లేదో తేల్చుకోవాలి.

ఇక వాకర్. దాన్ని ఎవరికీ ఇవ్వకండి, విరగ్గొట్టి పారేయండి. అందులో పిల్లకి తన పాదాలు తనకే కనిపించవు, మునివేళ్లతో నేలను తన్నుతూ పోతుంది. నడక త్వరగా రాకపోగా ఇంకాస్త వెనకబడుతుంది. ఒక్క తోపుకి మెట్ల అంచుకో, వంటింట్లో దించిన చారు గిన్నె దగ్గరికో చేరిపోతుంది. కెనడాలో 2004 నుంచి వీటి అమ్మకమే నిషేధం. మీ అత్తగారికి నా మాటగా చెప్పండి: ఆవిడ కాలంలో ఉన్న మూడు చక్రాల చెక్క బండే మేలు. దాని వెనక నిలబడి తోసేటప్పుడు బరువంతా పిల్ల కాళ్ల మీదే ఉంటుంది. అది కూడా పాప తనంతట తాను పట్టుకుని లేచి నిలబడ్డాకే, మీరు పక్కనుండగానే. బండి మరీ జోరుగా పోకుండా మా ఇంట్లో దాని మీద రెండు కిలోల కందిపప్పు మూట పెట్టేవాళ్లం.

అయితే పద్దెనిమిది నెలలు నిండినా ఆసరా లేకుండా అడుగు వేయకపోతే మాత్రం ఇంక ఆగొద్దు. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకావిడ ఇరవై నెలల బాబుని తీసుకొచ్చింది, ఇంకా నడవడం లేదని. మగపిల్లలకి కాస్త ఆలస్యమేలే అని పంపేశాను. ఆ తరవాత నెలకే నడిచాడట. నాలుగో ఏట దగ్గుకి మందు కోసం మళ్లీ వచ్చాడు. నేల మీద పడిన చాక్లెట్ కాగితం తీసుకుని లేవబోయాడు. ముందు చేతులు నేలకు ఆనించాడు, తరవాత మోకాళ్ల మీద, ఆ తరవాత తొడల మీద పెట్టుకుని, తన కాళ్ల మీద తానే ఎక్కుతున్నట్టు నిలబడ్డాడు. పిక్కలు చూస్తే పహిల్వానుకున్నట్టు ఉన్నాయి. అది కండరాలు క్షీణించే జబ్బు. అప్పటినుంచి పద్దెనిమిది నెలలకు నడవని మగపిల్లవాడు ఎవరొచ్చినా ముందు సీకే అనే రక్తపరీక్ష రాస్తున్నాను. ఎక్కువమందికి అది మామూలుగానే వస్తుంది. వచ్చినా రాయడం మానను.

ప్ర: మా బాబు రెండు నెలలు ముందుగా పుట్టాడు. ఇప్పుడు ఎనిమిదో నెల నిండింది. ఇంకా సొంతంగా కూర్చోవడం లేదు. టెన్షన్‌గా ఉంది.
– జగిత్యాల నుంచి ఒక తండ్రి

జ: ముందుగా పుట్టిన రెండు నెలలూ తీసేసి లెక్కపెట్టండి, మీవాడికి ఆరు నెలలే. ఆరు నెలలకు చేతులు ముందుకు ఆనించి కప్పలా కూర్చుంటే చాలు. రెండేళ్లు వచ్చేదాకా బరువైనా, ఎత్తయినా, ఆటపాటలైనా ఈ లెక్కతోనే చూడాలి. టీకాలకి మాత్రం ఈ తీసివేత వర్తించదు, అవి పుట్టిన తేదీ ప్రకారమే. కళ్ల, చెవుల పరీక్షలు అయ్యాయో లేదో మీరు రాయలేదు. కాకపోతే ఈ వారమే చేయించండి.

ప్ర: మా అబ్బాయికి ఈమధ్యే 14 నిండాయి. ఎత్తు 146 సెంటీమీటర్లు, క్లాసులో అందరికంటే పొట్టి. ఏడాదిగా ఎత్తు పెంచే పౌడర్ పాలలో కలిపి ఇస్తున్నాం, రోజూ కమ్మీ పట్టుకుని వేలాడిస్తున్నాం. ఏం లాభం లేదు. ఖర్చులు మాత్రం తక్కువేం కాదు, ఒక్క ఏడాదిలో బడి బూట్లు రెండుసార్లు కొన్నాం. ఆయన 170, నేను 155. ఆయన కూడా ఇంటర్లోనే ఎదిగారని మా మామగారంటారు.
– ఒక అమ్మ, కర్నూలు

జ: మీరు ఖర్చుల కింద రాసిన బూట్లే నాకు అన్నిటికంటే నచ్చాయి. ఎదిగే వయసులో ముందు పాదాలూ చేతులూ సాగుతాయి, తరవాత కాళ్లు, ఆఖరున నడుం పైభాగం. ఈ వయసు పిల్లలు గుమ్మాలకు తగులుకోవడం, గ్లాసులు ఒలకబొయ్యడం కూడా చాలావరకు అందుకే. పెరిగిన కాలి కొలత ఇంకా ఒంటికి అలవాటు కాలేదు. తిట్టకండి.

తల్లిదండ్రుల ఎత్తులు కూడి, అబ్బాయికైతే 13 కలిపి, సగం చేస్తాం. మీకు 169 వస్తుంది. దానికి అటూ ఇటూ ఎనిమిది సెంటీమీటర్లు తేడా మామూలే. మామగారి మాట కూడా బలమైన ఆధారమే, ఆలస్యంగా ఎదగడం చాలా ఇళ్లలో తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. అయినా బూట్లనీ మామగారినీ నమ్ముకుని కూర్చోవద్దు. 14 నిండాయి కాబట్టి ఒకసారి డాక్టరు చూడాల్సిందే. మగపిల్లల్లో యవ్వనం మొదలైందనడానికి మొదటి గుర్తు మీసం కాదు, వృషణాలు పెరగడం. వాడు తల్లికి చెప్పడు, తండ్రిని వెంట పంపండి. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. పుట్టినప్పుడు అక్కడి ఎనిమిది చిన్న ఎముకలూ మెత్తటి మృదులాస్థే, ఎక్స్‌రేలో ఒక్కటీ పడదు. ఏళ్ల మీద ఒక్కొక్కటే గట్టిపడుతూ కనిపిస్తాయి. అందుకే చేతిని చూసి ఎముకల వయసు చెప్పగలం. పద్నాలుగేళ్ల వాడి ఎముకలకి పన్నెండేళ్లే అని తేలితే, ఇంకా రెండేళ్ల ఎదుగుదల చేతిలో ఉన్నట్టు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయిస్తారు.

పౌడర్ డబ్బా మానేసి ఆ డబ్బుతో గుడ్లు కొనండి. కమ్మీకి వేలాడితే భుజాలకు మంచిదే, ఎముక మాత్రం సాగదు. వాడి ఎత్తు మీరెలా కొలుస్తున్నారో గానీ, చెప్పుల్లేకుండా మడమలూ పిర్రలూ గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద అట్ట పుస్తకం బల్లపరుపుగా పెట్టి పెన్సిల్‌తో గీయండి. సాయంత్రానికి మనిషి కొంచెం కుంగుతాడు కాబట్టి ఎప్పుడూ పొద్దున్నే కొలవండి. పక్కన తేదీ వేయండి. మళ్లీ గీత మూడు నెలల తరవాతే, రోజూ కొలిచి వాడి ప్రాణం తీయకండి. ఏడాదిలో నాలుగు సెంటీమీటర్లు కూడా రాకపోతే ఆ గీతల లెక్కతో పిల్లల హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ప్ర: మా అమ్మాయి పదకొండేళ్లకే పెద్దమనిషి అయింది. ఇక ఎత్తు ఆగిపోయినట్టేనా? మా అమ్మ ఖోఖో కూడా మాన్పించమంటోంది.
– ఒక పాఠకురాలు, నల్గొండ

జ: ఆగిపోలేదు, నెమ్మదిస్తుంది. ఆడపిల్లలు జోరుగా ఎదిగేది రజస్వల కావడానికి ముందే. ఆ తరవాత రెండేళ్లలో సాధారణంగా ఇంకో అయిదారు సెంటీమీటర్లు వస్తాయి. పదకొండేళ్లు మరీ తొందరేమీ కాదు. ఇప్పుడు వేసుకున్న ఎముక గట్టిదనమే ముసలితనం దాకా వాడుకోవాలి, అది పరుగుతోనే వస్తుంది. ఖోఖో ఎందుకు మాన్పించాలో మీ అమ్మగారినే నాకు ఒక ఉత్తరం రాయమనండి.