ఊరికే దొరికే లినక్స్ నేర్చుకుంటే జీతం ఎవరిస్తారు?

ప్రశ్న: అయ్యా, మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మామిడి తోట మీదే సంసారం. మా అబ్బాయి తిరుపతిలో బీటెక్ సీఎస్‌ఈ పూర్తి చేసినాడు. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. వాడి స్నేహితులంతా ఫుల్‌స్టాక్ కోర్సులని హైదరాబాదు, బెంగళూరు పోయినారు. వీడేమో లినక్స్ నేర్చుకుంటా, కంపెనీల్లో పాతబడిన సర్వర్లను కొత్త పద్ధతికి మార్చే పనిలోకి పోతా అంటాడు. మాడ్యులర్ ఓఎస్, ఓపెన్ సోర్స్ అని ఏదేదో చెప్తాడు. బెంగళూరులో ఉండే మా బావమరిది, 'అది ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్, దానికి జీతం ఎవరిస్తారు' అంటున్నాడు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 80 వేలు కడితే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఈ ఏడాది తోతాపురికి ధర లేదు. కట్టమంటారా, వద్దంటారా?
– ఒక తండ్రి, చిత్తూరు జిల్లా

జవాబు: ఆ 80 వేలు కట్టొద్దండి. మీ అబ్బాయి ఎంచుకున్న దారి మాత్రం మంచిదే. ఈ రెండూ వేరు వేరు సంగతులు కాబట్టి విడివిడిగా చెప్తాను.

ముందు మీ బావమరిది గారి సందేహం. చాలా ఇళ్లలో ఇదే మాట వింటున్నాను. లినక్స్ అంటే కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్). దాన్ని 1991లో ఫిన్లాండ్‌లో లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టారు. దాన్ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. ఓపెన్ సోర్స్ అంటే ఇదే. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని అడుగున ఉన్నది లినక్సే. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్‌కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి అన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఇక డబ్బు సంగతి. లినక్స్‌ను నమ్ముకుని వ్యాపారం చేసే రెడ్ హ్యాట్ కంపెనీని 2019లో ఐబీఎం సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. సాఫ్ట్‌వేర్ ఊరికే దొరుకుతున్నప్పుడు అంత డబ్బు దేనికి పెట్టారు? కంపెనీలు కట్టేది ఆ తర్వాత జరిగే పనికి. భద్రతా లోపం బయటపడితే సరిచేసిన ప్యాకేజీ వెంటనే రావాలి, ఒక వెర్షన్‌ను ఏళ్ల తరబడి చూసుకునేవాళ్లు ఉండాలి, అర్ధరాత్రి సర్వర్ ఆగిపోతే ఫోన్ ఎత్తే మనిషి కావాలి. మీవాడు చేస్తానంటున్నది ఆ మనిషి పని.

మాడ్యులర్ అంటే మరీ కష్టమైన సంగతేమీ కాదు. మీ తోటలో బోరు మోటారు స్టార్టర్ కాలిపోతే స్టార్టర్ ఒక్కటే మారుస్తారు. దానికోసం బోరు మళ్లీ వేయించరు కదా. ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూడా అలా భాగాలు భాగాలుగా కట్టి, ఒకదాన్ని మార్చినప్పుడు మిగతావి కదలకుండా చూడటమే మాడ్యులర్ పద్ధతి. ఈ పని కంపెనీల్లో ఎలా ఉంటుందో మీకు బాగా తెలిసిన చోటు పెట్టుకుని చెప్తాను.

చిత్తూరు చుట్టుపక్కల ఉన్న జ్యూస్ ఫ్యాక్టరీ ఒకటి అనుకోండి. రైతు ట్రాక్టరు తెస్తాడు, టోకెన్ ఇస్తారు, వేబ్రిడ్జి మీద తూకం వేస్తారు, బిల్లు తయారవుతుంది. ఈ లెక్కలన్నీ ఆఫీసు గదిలో మూలన ఉన్న ఒక సర్వర్‌లో పడుతుంటాయి. అందులో సెంట్‌ఓఎస్ 7 ఉందనుకుందాం. చాలా చోట్ల అదే ఉండేది. రెడ్ హ్యాట్ వాళ్ల సిస్టమ్‌కు జిరాక్స్ కాపీ లాంటిది, పైగా ఉచితం. దానికి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. కాయల సీజన్‌లో సర్వర్ చక్కగానే నడుస్తుంది, ఎవరికీ ఏ తేడా కనిపించదు. కానీ ఆ తేదీ తర్వాత బయటపడే ఏ లోపానికీ ఆ సిస్టమ్‌కు సరిచేసిన ప్యాకేజీ మామూలు దారిలో రాదు. డేటాకు తాళం వేసి డబ్బు గుంజే ముఠాలు వెతికేది ఇలాంటి మిషన్ల కోసమే.

'కొత్తది వేసేస్తే సరిపోతుంది కదా' అంటారు. అక్కడే చిక్కు. ఆ బిల్లింగ్ ప్రోగ్రాం ఎప్పుడో ఎవరో పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష 5.4 వెర్షన్‌లో రాసి పెట్టి వెళ్లిపోయి ఉంటారు, ఎందుకంటే సెంట్‌ఓఎస్ 7తో పాటు వచ్చింది ఆ వెర్షనే. కొత్త సిస్టమ్‌లో అంత పాత పీహెచ్‌పీ ఉండదు. నేరుగా మార్చేస్తే బిల్లు రాదు. బిల్లు రాకపోతే గేటు బయట ట్రాక్టర్లు ఆగిపోతాయి. అందుకని తెలిసినవాడు ఏం చేస్తాడంటే, సీజన్ ముగిసేదాకా ఆ సర్వర్ జోలికే పోడు. ఆ తర్వాత దాని నకలు ఒకటి వేరే మిషన్‌లో తయారు చేసుకుంటాడు. సెంట్‌ఓఎస్ లాగే ఉచితంగా దొరికే ఆల్మాలినక్స్ గానీ, రాకీ లినక్స్ గానీ, డబ్బు పెట్టగలిగితే రెడ్ హ్యాట్ గానీ కొత్తగా వేసి, డేటాబేస్‌ను ముందుగా అందులోకి తెస్తాడు. పాత బిల్లింగ్ ప్రోగ్రాంను దాని పాత పీహెచ్‌పీతో సహా ఒక కంటైనర్‌లో, అంటే మిగతా సిస్టమ్‌తో కలవకుండా విడిగా నడిచే డబ్బా లాంటి దానిలో పెట్టి, బయటి నెట్‌వర్క్‌కు తగలకుండా కట్టుదిట్టం చేసి, తాత్కాలికంగా నడిపిస్తాడు. ప్రోగ్రాంను కొత్త పీహెచ్‌పీకి తిరగరాశాక ఆ కంటైనర్‌ను తీసేస్తాడు. కింద ఉన్న సిస్టమ్‌ను ముట్టుకోవాల్సిన పని లేదు. ఏ దశలో తేడా వచ్చినా వెనక్కి పోయే దారి ముందే రాసి పెట్టుకుంటాడు. ఒక ఫ్యాక్టరీకి చేసిన పనినే బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, టెలికాం కంపెనీల్లో వేల సర్వర్లకు చేస్తారు.

ఇక మీ అబ్బాయికి రెండు మాటలు. తమ్ముడూ, మాడ్యులర్ అనే పేరు పట్టుకుని కూర్చోవద్దు. లినక్స్ అమ్మే ఇంకో కంపెనీ సూసే వాళ్లు 2018లో తమ ఎంటర్‌ప్రైజ్ 15 వెర్షన్‌ను మాడ్యూళ్లుగా విడగొట్టి తెచ్చారు. రెడ్ హ్యాట్ 2019లో 8వ వెర్షన్‌లో మాడ్యూల్ స్ట్రీమ్‌లని పెట్టి, ఒకే సిస్టమ్ మీద పీహెచ్‌పీ, డేటాబేస్ వెర్షన్లను ఎంచుకునే వీలు ఇచ్చింది. 10వ వెర్షన్‌కు వచ్చేసరికి ఆ ప్యాకేజింగ్ పద్ధతినే వదిలేసింది. ఇప్పుడు ఊపు మీద ఉన్నది ఇమేజ్ పద్ధతి. మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌ను కంటైనర్ ఇమేజ్ లాగా తయారు చేసి పంపుతారు, అప్‌డేట్ బెడిసికొడితే రీబూట్ చేసి పాత ఇమేజ్‌కు పోతారు. ఫెడోరా కోర్‌ఓఎస్ లాంటివి ఇదే కోవలోవి. సాధనాలు ఇలా మారిపోతూనే ఉంటాయి. ఏది దేని మీద ఆధారపడి ఉంది, దీన్ని కదిపితే ఏది పడిపోతుంది అని చూడగలిగే కన్ను నీకు రావాలి.

ఆ కన్ను ఎలాంటిదో చెప్పడానికి 2024 మార్చిలో జరిగిన సంగతి ఒకటుంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన టెస్ట్ మిషన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరం నుంచి సర్వర్‌లోకి పోయే దారి) అర సెకను ఆలస్యం అవుతోందని గమనించారు. వేరొకరైతే వదిలేసేవాళ్లు. ఆయన తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో కావాలని దొంగదారి పెట్టినట్టు బయటపడింది. అది పెద్ద కంపెనీల సర్వర్లలోకి పాకకముందే ఆగిపోయింది. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉండబట్టే ఒక్క మనిషి అంత లోతుగా తవ్వగలిగారు. నీకు ఇలాంటి సంగతి చదివితే ఒళ్లు పులకరిస్తే ఈ రంగం నీది. విసుగు అనిపిస్తే వెబ్‌సైట్లు, యాప్‌లు రాసే ఫుల్‌స్టాక్ వైపు పోవడంలో తప్పేమీ లేదు.

నేర్చుకోవడానికి ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ చాలు. ర్యామ్ 16 జీబీ ఉంటే వర్చువల్ మిషన్లు మూడు నాలుగు పెట్టుకోవచ్చు. ఆల్మా గానీ రాకీ గానీ వేసుకో. రెడ్ హ్యాట్ కూడా వ్యక్తులకు డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ ఉచితంగా ఇస్తుంది, 16 మిషన్ల వరకు వాడుకోవచ్చు. ఇంగ్లిష్ వీడియోలు కష్టమనిపిస్తే ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌తో మొదలుపెట్టు. అందులో తెలుగు పాఠాలు కూడా ఉన్నాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు కమాండ్లు బట్టీ పట్టడం. దానికి బదులు కావాలని పాడుచెయ్యి. ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో డిస్క్ గుర్తింపు సంఖ్య (యూయూఐడీ) ఒక అక్షరం తప్పుగా రాసి రీబూట్ చెయ్యి. సిస్టమ్ పైకి లేవదు, ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగి రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్కడినుంచి నువ్వే బయటపడాలి. ఇంకోటి చూడు. హోమ్ ఫోల్డర్‌లో ఉన్న వెబ్ పేజీని ఎంవీ కమాండ్‌తో వెబ్ సర్వర్ ఫోల్డర్‌లోకి జరుపు. పర్మిషన్లన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, అయినా బ్రౌజర్‌లో 'అనుమతి లేదు' అని 403 ఎర్రర్ వస్తుంది. పాత చోటి ఎస్‌ఈలినక్స్ (లినక్స్‌లో అదనపు కాపలా వ్యవస్థ) ముద్ర ఆ ఫైల్ మీద అలాగే ఉండిపోయింది కాబట్టి. రెస్టోర్‌కాన్ అనే ఒక్క కమాండ్‌తో పోతుంది. నెట్‌లో వెతికితే చాలామంది 'ఎస్‌ఈలినక్స్ ఆఫ్ చెయ్యి' అని సలహా ఇస్తారు. ఆ అలవాటు మాత్రం చేసుకోకు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ప్రశ్నతోనే మనిషిని అంచనా వేసేవాళ్లున్నారు.

ఇవి చేతికి వచ్చాక, నేను పైన చెప్పిన ఫ్యాక్టరీ సర్వర్‌నే ఇంట్లో కట్టు. సెంట్‌ఓఎస్ 7 మీద చిన్న బిల్లింగ్ ప్రోగ్రాం పెట్టు, దాన్ని ఆల్మాకు మార్చు. అక్కడికక్కడే మార్చే ఎలివేట్ సాధనంతో ఒకసారి, కొత్త మిషన్ కట్టి డేటా తరలించి ఒకసారి చెయ్యి. పాడ్‌మ్యాన్‌తో కంటైనర్, ఆన్సిబుల్‌తో ఆటోమేషన్ అందులో భాగంగానే వచ్చేస్తాయి. ఎక్కడ ఆగిపోయావో, ఎలా బయటపడ్డావో రోజూ రాసి గిట్‌హబ్‌లో పెట్టు. ఫ్రెషర్ రెజ్యూమేలో నాలుగు సర్టిఫికెట్ల కన్నా నేను దీన్ని ఎక్కువ నమ్ముతాను.

సర్టిఫికెట్ ఒక్కటి చాలు, రెడ్ హ్యాట్ వాళ్లు సిస్టమ్ అడ్మిన్లకు పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ. అది బిట్ల పరీక్ష కాదు. మూడు గంటల్లో నిజమైన సిస్టమ్ మీద పనులు చేసి చూపించాలి. 300కి 210 రావాలి. రీబూట్ చేశాక కూడా నువ్వు చేసిన మార్పు నిలబడి ఉంటేనే మార్కులు. మూడేళ్లే చెల్లుతుంది కాబట్టి తొందరపడి ముందే రాయొద్దు, ఇంటర్వ్యూలకు పోయే ముందు రాయి.

మళ్లీ మీకే చెప్తున్నానండి. ఈ పనిలో కష్టం కూడా ఉంది. డెవలపర్లతో పోలిస్తే ఇందులో ఫ్రెషర్లను తీసుకోవడం తక్కువ. మొదటి ఉద్యోగం సాధారణంగా సపోర్ట్‌లో వస్తుంది. నైట్ షిఫ్టులు ఉంటాయి. సర్వర్లు మార్చే పని శనివారం రాత్రుల్లో పెడతారు, ఎందుకంటే అప్పుడే వ్యాపారం తక్కువ. పండక్కి ఇంటికి వచ్చినా ల్యాప్‌టాప్ పక్కనే ఉంటుంది. మొదటి రెండేళ్ల జీతం చూసి మీ బావమరిది 'నేను చెప్పలే' అనవచ్చు. కొన్ని సర్వర్ మార్పిడులు సొంతంగా నడిపిన అనుభవం వచ్చాక పరిస్థితి మారుతుంది. అదే అనుభవంతో క్లౌడ్, సెక్యూరిటీ, కుబర్నెటీస్ (వేల కంటైనర్లను ఒకేసారి నడిపించే సాధనం) వైపు పోవచ్చు, వాటన్నిటికీ అడుగున ఉన్నది లినక్సే.

ఇన్‌స్టిట్యూట్ విషయంలో గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్లలో కొందరు చేసేది దొంగ అనుభవం సృష్టించడం. లేని కంపెనీలో మూడేళ్లు పనిచేసినట్టు కాగితాలు పెడతారు, ఇంటర్వ్యూలో వెనకనుంచి ఎవరో జవాబులు చెప్తారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోతుంది, ఆ మచ్చ తర్వాతి కంపెనీల దాకా వెంటాడుతుంది. కాబట్టి వాళ్లను ఒకే మాట అడగండి: 'మావాడి రెజ్యూమేలో ఫ్రెషర్ అనే రాస్తారా?' నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

మొదటి అనుభవం కోసం దూరం పోనక్కర్లేదు. తిరుపతిలో కాలేజీ ల్యాబులు, ఆసుపత్రులు ఉన్నాయి. రేణిగుంట, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీలున్నాయి. సిస్టమ్ అడ్మిన్ దగ్గర ఆరు నెలలు చేతికింద పని దొరికితే, జీతం తక్కువైనా చేరమనండి. తర్వాత ఎలాగూ చెన్నై, బెంగళూరు ఉన్నాయి. చిత్తూరు వాళ్లకు అరవం, కన్నడం ఎంతో కొంత వస్తాయి, ఆ ఊళ్లలో టీంలో కలిసిపోవడానికి అది బాగా పనికొస్తుంది. ఇంగ్లిష్ మాత్రం కొంచెం సాన పట్టుకోవాలి. సర్వర్ పడిపోయినప్పుడు పదిమంది ఉన్న కాల్‌లో 'ఇప్పటిదాకా ఇది చూశాను, ఇంకా ఇది చూడాలి' అని తడబడకుండా చెప్పగలగాలి.

డబ్బు ఇలా సర్దుకోండి. ముందు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కొనివ్వండి. ఇంటికి నెట్ కనెక్షన్ పెట్టించండి. పరీక్ష ఫీజు పక్కన ఉంచండి. మిగిలింది మీ దగ్గరే ఉండనివ్వండి, ఊరు మారినప్పుడు రూం అడ్వాన్సుకు కావాలి. గడువు ఎనిమిది నెలలు పెట్టుకోండి. రెండో నెల చివర వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, పాడైన సిస్టమ్‌ను మీ ముందే లేపి చూపించమనండి. మీకు కమాండ్లు అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఏం పాడైందో మీకు తెలిసే మాటల్లో చెప్పగలుగుతున్నాడా లేదా అన్నది మీకే తెలిసిపోతుంది. అప్పటికీ వీడియోలు చూడటంతోనే సరిపెడుతుంటే, ఒకసారి ఇద్దరూ తిరుపతి వచ్చి నన్ను కలవండి, వేరే దారి మాట్లాడుకుందాం.