ఎఫ్‌ఏ కార్డులో బీ1, కూలి లెక్కలో 114

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా బాబు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి. ఎఫ్‌ఏ-2 (బడిలోనే సార్లు వేసే మార్కుల రెండో విడత) కార్డులో లెక్కలకు బీ1 గ్రేడు వచ్చింది. మొన్న పత్తి ఏరినప్పుడు కిలోకు 12 రూపాయల లెక్కన 38 కిలోలకు ఎంతైతదిరా అంటే ఫోన్ తీసిండు. ఫోన్ గుంజుకొని కాగితమిస్తే 114 అని రాసిండు. ప్రైవేటుకు మార్చుమని పక్కింటోళ్లు అంటున్నరు. ఏం చేయాలె సార్?

జవాబు: అమ్మా, ఆ కాగితం పారేయకండి. కార్డు కన్నా అదే నాకు ఎక్కువ చెప్పింది. మీ బాబు 38ని 2తో గుణించి 76 రాశాడు, 1తో గుణించి 38 రాశాడు, ఆ 38ని ఒక స్థానం ఎడమకు జరపకుండా 76 కిందే పెట్టి కూడేశాడు. అందుకే 456 రావాల్సిన చోట 114 వచ్చింది. అంటే వాడికి ఎక్కాలు వచ్చు, కూడిక వచ్చు, 12లోని 1 అంటే పది అన్న సంగతి మాత్రం పట్టుబడలేదు. అది చిన్న క్లాసుల్లోనే జారిపోయిన పాఠం. అనుమానంగా ఉంటే ఈ రాత్రే 612ను 6తో భాగించమనండి. 102కి బదులు 12 అని రాస్తే జబ్బు అదే.

మరి బీ1 ఎలా వచ్చిందంటారా? బీ1 అంటే నూటికి 71 నుంచి 80. ఎఫ్‌ఏలో పిల్లవాడు కూర్చుని రాసే పరీక్ష స్లిప్ టెస్ట్ ఒక్కటే. మిగతావన్నీ నోటుబుక్కు, ప్రాజెక్టు, క్లాసులో పాల్గొన్నాడా లేదా అన్నవి చూసి సారు వేసే మార్కులు, అట్ట మీద రంగు కాగితాలు అంటించుకొచ్చిన పిల్లవాడికి తక్కువ వేయడానికి చెయ్యి రాదు. నేనూ సర్కారు బడిలోనే పనిచేసి రిటైరయ్యా. మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడానికి రేపే ఆఖరు అన్న సాయంత్రాలు స్టాఫ్ రూంలో కూర్చుని రిజిస్టర్లు నింపాం, అప్పుడు నేను వేసిన ప్రతి మార్కుకూ పూచీ పడమంటే పడలేను. పైగా 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక మన దగ్గర ఎనిమిది దాకా ఎవరినీ అదే తరగతిలో ఆపడం లేదు. మొదటిసారి గట్టిగా తగిలేది పదిలోనే, అక్కడ లెక్కల పేపర్లో 80కి 28 వాడి చేతిరాతతోనే రావాలి.

బడికి వెళ్లినప్పుడు "మావోడు ఎట్ల చదువుతున్నడు సార్" అని అడగకండి. "మంచిగనే ఉన్నడమ్మా, కొంచెం అల్లరి" అంటారు, నేనూ వందల మందికి అదే చెప్పా. ఈ కాగితం చూపించి, ఉన్నతి (వెనకబడిన పిల్లలకు పునాది చదువు సరిచేసే సర్కారు కార్యక్రమం) మొదట్లో పెట్టిన పరీక్షలో వీడు ఏ స్థాయిలో ఉన్నాడో, అక్కడి నుంచి కదిలాడో లేదో చెప్పమనండి. హాజరు కూడా చూడండి. దసరా సెలవుల తర్వాత పత్తి ఏరుడుకు ఎన్ని రోజులు మానాడు? కూలోళ్లు దొరకని రోజుల సంగతి తెలుసు, మిమ్మల్ని తప్పు పట్టను, కానీ మీ ఇంటి పత్తి అయ్యేదాకా బడిలో భిన్నాలు ఆగవు కదా.

ప్రైవేటు మాటకొస్తే ఒక్కటి చూసుకోండి. వచ్చే ఏడాది ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది, నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు, సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల వాళ్లకే ఇస్తారు, ప్రైవేటుకు పోతే ఆ దారి మూసుకున్నట్టే. ఏడులో మార్కుల నిబంధన కూడా ఉంది కాబట్టి ఈ ఏడాది పరీక్షలు తేలిగ్గా తీసుకోవద్దు. ఇక స్థానవిలువ రాని పిల్లవాడికి టై కట్టి బస్సెక్కిస్తే అది వచ్చేస్తుందా? రోజూ సాయంత్రం పావుగంట, మూడో తరగతి లెక్కల పుస్తకం ముందేసుకొని కూర్చోబెట్టండి. చిన్న క్లాసు పుస్తకమని సిగ్గుపడతాడు, చెల్లెలికి నేర్పమని చెప్పి చేతికివ్వండి.

ప్రశ్న: మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్నా. మా పాప చదివే బడికి పదిలో నూరు శాతం అని గేటుకు ఫ్లెక్సీ కట్టారు. నమ్మొచ్చా?

జవాబు: నమ్మండి, కానీ అది చెప్పేంత వరకే నమ్మండి. నూరు శాతం అంటే అందరూ పాసు గీత దాటారని, అంతే. 11 మంది రాసి 11 మంది పాసైనా నూరే, 90 మంది రాసినా నూరే. గేటు దగ్గర నిలబడకుండా లోపలికెళ్లి రెండు అడగండి: ఆ ఏడాది పది రాసింది ఎంతమంది, అంతకు ముందు ఏడాది తొమ్మిదిలో ఎంతమంది ఉండేవారు? లెక్కల్లో 60 దాటినవాళ్లు ఎందరు? రెండో ప్రశ్నకు హెడ్మాస్టర్ రిజిస్టర్ తెరిచి చూపిస్తే మంచి బడే, ఫ్లెక్సీ ఉన్నా లేకున్నా.