ఎలుగుబంటి వెళ్లిపోయినా గుండెదడ ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపు బండి మీద వెళుతుంటే మలుపులో ఎలుగుబంటి ఎదురైంది. అది పొదల్లోకి వెళ్లిపోయాక కూడా గుండెదడ తగ్గలేదు, అరచేతుల చెమటకు హ్యాండిలు జారిపోయింది. కారణమేమిటి?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: ప్రమాదాన్ని మెదడు గుర్తించగానే, వెన్నుపాములోని ఛాతీ, నడుము భాగాల నుంచి బయలుదేరే సహానుభూత నాడులు, అంటే ఆపదలో శరీరాన్ని సిద్ధం చేసే నాడులు మేల్కొంటాయి. నాడీ ప్రచోదనం, అంటే నాడిలో సాగే సంకేతం, తీగలో కరెంటులా పారదు. విశ్రాంతిలో సుమారు మైనస్ 70 మిల్లీవోల్టుల వద్ద ఉండే నాడీకణంలోకి సోడియం అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) చొరబడగానే ఆ చోట విద్యుదావేశం తారుమారై, పక్క చోటును కదిలిస్తుంది. వెనువెంటనే పొటాషియం బయటికి వెళ్లి, పాత స్థితిని తెస్తుంది. ఇలా అంచెలంచెలుగా కొసకు చేరాక, అక్కడ లోపలికి వచ్చే కాల్షియం, తిత్తుల్లో దాచిన రసాయనాన్ని వెలుపలికి వదిలిస్తుంది.

వెన్నెముక పక్కనున్న నాడీసంధుల్లో (ఒక నాడి సంకేతాన్ని మరో నాడికి అందించే నాడీకణాల గుంపుల్లో) ఆ రసాయనం అసిటైల్ కోలిన్. అక్కడి నుంచి గుండెకు వెళ్లే రెండో నాడి విడిచేది గుండె వేగాన్ని పెంచే నార్ అడ్రినలిన్. దీన్ని 1946లో స్వీడన్ శాస్త్రవేత్త ఉల్ఫ్ వాన్ ఆయిలర్ గుర్తించారు. మీ అరచేతి స్వేదగ్రంథుల దగ్గర మాత్రం రెండో నాడి కూడా అసిటైల్ కోలిన్‌నే వాడుతుంది, నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే మినహాయింపు ఇది.

ఇక దడ ఆగకపోవడానికి ముఖ్య కారణం, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథుల మధ్యభాగం. సహానుభూత నాడి నేరుగా దాన్ని తాకగానే, గుండెను వేగంగా కొట్టించే అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది, నాడీ సంకేతం ఆగినా ఆ అడ్రినలిన్ కరిగిపోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది.