తాళం చెవి ఎవరి జేబులో ఉంది?

చిరంజీవి అమ్ములుకి,

పెద్దనాన్న ఆశీస్సులు.

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు పాత ప్లాస్టిక్‌ని ముక్కలు చేసే గ్రైండింగ్ యూనిట్ పెడుతున్నావని, షెడ్డు కూడా కుదిరిందని, పన్నెండు మందిని పనిలోకి తీసుకుంటున్నావని చెప్పాడు. వాడి గొంతులో గర్వం దాగలేదు. నాకూ దాగలేదు. ఫోన్ పెట్టేసి మీ పెద్దమ్మతో "మన పిల్ల పన్నెండు ఇళ్లకి జీతం ఇవ్వబోతోంది" అన్నాను. ఆ తర్వాత పడుకున్నానే గానీ కన్ను మూతపడలేదు. సెకండ్‌హ్యాండ్‌లో రెండు గ్రైండర్లు కొంటున్నావని వాడు మాటల మధ్యలో అనేశాడు. తెల్లవారకముందే లేచి ఇది రాస్తున్నాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. మంచినీళ్లు, మరుగుదొడ్లు, వెలుతురు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె గురించి నీకు చెప్పక్కర్లేదు. మంటలార్పే సిలిండర్లు గోడకి తగిలిస్తే సరిపోదు, పన్నెండు మందీ ఒక్కసారైనా చేత్తో పట్టుకుని వాడి చూడాలి. బయటికి వెళ్లే దారికి అడ్డంగా బస్తాలు పెట్టనివ్వకు. పని జరుగుతున్నంతసేపూ ఏ తలుపుకీ తాళం ఉండకూడదు. 1911లో న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ అంటుకున్నప్పుడు 146 మంది పోయారు. తప్పించుకోవాల్సిన తలుపుల్లో ఒకదానికి తాళం వేసి ఉంది. ఇక ఏ లైసెన్సులు కావాలి, ఏ రిజిస్టర్లు రాయాలి, ప్రమాదం జరిగితే ఎంతసేపట్లో ఎవరికి చెప్పాలి అన్నవి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి నువ్వే వెళ్లి కనుక్కో. ఏజెంటుకి వదిలేస్తే నీకు కాగితాలు మిగులుతాయి, విషయం తెలియదు.

చట్టం భాష ఎక్కడికక్కడ వేరుగా ఉంటుంది గానీ సారం ఒక్కటే. పని చేయించుకునేవాడే ఆ చోటునీ, మిషన్లనీ, పని పద్ధతినీ ప్రమాదం లేకుండా ఉంచాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందంలో ఈ మాటే ఉంది. అందులో ఇంకో రెండు విషయాలు నువ్వు గుర్తుపెట్టుకోవాలి. భద్రత కోసం అయ్యే ఖర్చు కార్మికుడి మీద పడకూడదు. అంటే బూట్లకనీ, గ్లవుజులకనీ జీతంలో కోయకూడదు. రెండోది, ప్రాణానికి ముప్పు ఉందని సరైన కారణంతో నమ్మి పని వదిలి పక్కకి తప్పుకున్నవాణ్ణి దానికి శిక్షించకూడదు. సురక్షితమైన, ఆరోగ్యకరమైన పనిచోటు కార్మికుడి ప్రాథమిక హక్కుల్లో ఒకటని ఆ సంస్థ 2022లో ప్రకటించింది. నీ దగ్గర ఎవరైనా "అమ్మా, ఈ మిషన్ దగ్గర నాకు భయంగా ఉంది" అంటే ముందు మిషన్ ఆపు. మాటలు తర్వాత.

ఇక అసలు సంగతి. నీకు ఆరేళ్లప్పుడు మా ఇంట్లో ఫ్యాన్ బాగుచేస్తున్నాను. నా చొక్కా జేబులోంచి తెల్లటి పింగాణీ ఫ్యూజు తీసి "ఇది ఇక్కడెందుకు పెద్దనాన్నా?" అని అడిగావు. "ఊరికే" అన్నాను. ఊరికే కాదు తల్లీ.

అప్పుడు నాకు ముప్ఫై ఒకటి. నీ పనిలాంటి పనే, పాత డ్రమ్ములు, పైపులు గ్రైండ్ చేసే చోట షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. గోడ మీద పెద్ద ఎర్ర అక్షరాలతో నేనే బోర్డు రాయించాను, "స్విచ్ ఆపిన తర్వాతే శుభ్రం చేయవలెను" అని. అదే నా భద్రత మొత్తం. నైట్ షిఫ్ట్ అయిపోవస్తుండగా రెండో నంబరు గ్రైండర్ జామ్ అయింది. లావుపాటి పైపు ముక్క బ్లేడ్ల మధ్య ఇరుక్కుంది. దాని మీద పనిచేసే అబ్బాయి స్విచ్ ఆపాడు, బోర్డు మీద ఉన్నట్టే. పైకెక్కి, సరుకు పోసే గరాటు లాంటి హాపర్ మూత తీసి చెయ్యి లోపలికి పెట్టాడు. స్విచ్‌ల ప్యానెల్ గోడకి ఇవతల ఉండేది. అక్కణ్ణుంచి గ్రైండర్ కనిపించదు.

నేను ఇవతలి నుంచి వచ్చాను. పొద్దున్నే లారీ రావాలి, ఇంకా పదిహేను బస్తాల సరుకు తక్కువ. ప్యానెల్ చూస్తే రెండో నంబరు ఆగి ఉంది. ఎవరో ఆపేసి మర్చిపోయి వెళ్లారనుకున్నాను. "ఎవరైనా ఉన్నారా?" అని గట్టిగానే అరిచాను. ఒకటో నంబరు మోతలో ఆ కేక నాకే సరిగా వినపడలేదు. జవాబు రాలేదు కదా అని పచ్చ బటన్ నొక్కాను.

ఖాళీ గ్రైండర్ తిరిగితే ఒక రకం చప్పుడు, లోపల ఏదైనా ఉంటే ఇంకో రకం. ఆ తేడా నాకు తెలుసు. ఎర్ర బటన్ నొక్కాను గానీ, కరెంటు పోయినా బ్లేడ్లు బిగించిన ఆ రోటర్ తన బరువుకి ఇంకొంతసేపు తిరుగుతుంది. కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి. ఆ ఏడాదే అతనికి పెళ్లయింది.

ఇంతవరకూ మీ పెద్దమ్మకి తెలుసు. దీని తర్వాతది ఎవరికీ చెప్పలేదు. ప్రమాదాల రిజిస్టరులో "కారణం" అని ఒక గడి ఉండేది. అందులో నేను "కార్మికుని అజాగ్రత్త" అని రాశాను. రాయమని ఎవరూ చెప్పలేదు. భయమేసింది, రాసేశాను. సంతకం కోసం ఆసుపత్రికి పట్టుకెళ్లాను. అతను తన పేరు చక్కగా రాసేవాడు. ఆ రోజు ఎడమచేతి బొటనవేలు ఇంకులో అద్ది ముద్ర వేయించుకున్నాను. ముద్ర వేస్తూ, "నేను స్విచ్ ఆపాను కదా సార్" అన్నాడు. కోపంగా కాదు, తనకే అర్థం కానట్టు అన్నాడు. నేను రాసిన ఆ రెండు మాటలు పట్టుకుని పరిహారం కోసం అతన్ని నెలల తరబడి తిప్పారు. చివరికి వెళ్లి నిజం చెప్పాను, అదీ ఆలస్యంగా. ఆ తర్వాత ఆ ఉద్యోగం మానేసి సేఫ్టీ చదువు చదివి, ఇరవై ఆరేళ్లు ఆ పనే చేశాను.

అతను నియమం పాటించాడమ్మా. నియమమే సగంలో ఉంది. ఆపిన స్విచ్‌ని ఇంకొకరు మళ్లీ వెయ్యకుండా ఏం అడ్డుందో నేను ఆలోచించలేదు.

అందుకే చెబుతున్నాను. ప్రతి గ్రైండర్‌కీ దాని పక్కనే, కంటికి కనిపించేలా, తాళం పట్టే ఐసొలేటర్, అంటే మిషన్‌కి కరెంటు పూర్తిగా తెంచే స్విచ్, పెట్టించు. మిషన్ మీద ఉన్న ఎమర్జెన్సీ స్టాప్ బటన్ దీనికి పనికిరాదు, దాన్ని ఎవరైనా లాగి తిరిగి మామూలు చెయ్యొచ్చు. లోపల చెయ్యి పెట్టేవాడు ఐసొలేటర్ ఆపి, తన తాళం తనే వేసి, చెవి తన జేబులో పెట్టుకోవాలి. ముగ్గురు పనిచేస్తే మూడు తాళాలు పడాలి. డూప్లికేట్ చెవి ఆఫీసు డ్రాయర్‌లో ఉండకూడదు, నీ దగ్గర కూడా వద్దు. తాళం వేశాక రోటర్ పూర్తిగా ఆగేదాకా ఆగాలి. అప్పుడు స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. తిరగలేదంటేనే మూత తియ్యాలి. తాళం వేసినవాడు మర్చిపోయి ఇంటికెళ్లిపోతే ఫోన్ చేసి వెనక్కి పిలిపించు. పగలగొట్టడం అలవాటు చేశావంటే ఆ తాళానికి ఇక విలువ లేదు.

ఆ సెకండ్‌హ్యాండ్ మిషన్లకి డబ్బు కట్టేముందు హాపర్ మూత కీలు దగ్గర చూడు. మూత తెరిస్తే మిషన్ ఆగిపోయే చిన్న స్విచ్ అక్కడ ఉండాలి. పాత మిషన్లలో దాన్ని టేపుతో నొక్కిపెట్టి ఉంచుతారు, పని ఆగకూడదని. అలా ఉంటే, అమ్మేవాడు ఎంత తగ్గించినా, అది బాగుచేసి చూపించేదాకా తెచ్చుకోకు. బెల్టు మీద గార్డు లేకపోతే మొదటి రోజుకి ముందే చేయించు. "మొదటి ఆర్డరు అయ్యాక చూద్దాం పెద్దనాన్నా" అంటావని నాకు తెలుసు. బ్రేకులు పడని సైకిలు మీద దిబ్బ దిగినదానివి. అప్పుడు దెబ్బ తగిలింది నీ మోకాలికి. ఇప్పుడు తగిలేది నీకు కాదు.

నా భయమంతా వేళ్ల చుట్టూనే తిరుగుతుంది, అది నాకు తెలుసు. కానీ లెక్కలు వేరేగా ఉన్నాయి. పని వల్ల ఏటా సుమారు 29 లక్షల మంది చనిపోతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. ప్రమాదాల్లో పోయేది వాళ్లలో 3 లక్షల 30 వేల మందే, మిగతావాళ్లు జబ్బులతో పోతున్నారు. కాబట్టి చప్పుడు, దుమ్ము, పొగ కూడా పట్టించుకో. చాలాచోట్ల పాటించే లెక్క ప్రకారం 8 గంటల పనికి 85 డెసిబెల్స్ హద్దు. 3 పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది, అంటే 88 దగ్గర 4 గంటలే. చేతికందే దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే నీ షెడ్డు ఆ హద్దు దాటినట్టే. గ్రైండర్లని వేరే గదిలో పెట్టు, బ్లేడ్లు పదునుగా ఉంచు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు ఆ తర్వాతి మాట. మాస్కు సంగతీ అంతే, ముందు దుమ్ము పుట్టేచోటే పీల్చేసే ఏర్పాటు చెయ్యి.

వచ్చే పాత డబ్బాల్లో పురుగుమందు, యాసిడ్ మిగిలి ఉంటాయి. ప్రమాదకరమైన రసాయనమని చెప్పే ఎర్ర అంచు డైమండ్ గుర్తు ఉన్న డబ్బాని ముందే ఏరి పక్కన పెట్టేలా ఒక మనిషికి నేర్పు. ముందుముందు ప్లాస్టిక్‌ని కరిగించి అచ్చులోంచి తోసే ఎక్స్‌ట్రూడర్ కూడా పెడతావట. పీవీసీ మితిమీరి వేడెక్కితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, కళ్లూ గొంతూ మండిపోతాయి. దాని గురించి అప్పుడు విడిగా రాస్తాను.

ఎవరికైనా దెబ్బ తగిలితే, తగలబోయి తప్పిపోయినా సరే, రిజిస్టరులో "కారణం" గడి నువ్వే నింపు. అజాగ్రత్త అనే మాట రాయబోయేముందు నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా పర్లేదు.

పన్నెండు మందికి పన్నెండు తాళాలు, ఒక్కోదాని చెవి వేరు, ఎర్ర రంగువి చూసి నేనే కొంటాను. మిషన్లు బిగించిన రోజు తీసుకుని వస్తాను. గ్రైండర్‌కి నువ్వు తాళం వేసి చెవి జేబులో పెట్టుకో. పచ్చ బటన్ నేను నొక్కుతాను.

ఇట్లు,
మీ పెద్దనాన్న